ఆ చివరి కుప్ప ఎవరిదని అడిగినందుకు

"ఆ ఇల్లు వదిలేద్దాం సార్. ఇంక ఆమె గడప తొక్కొద్దు."

"వదలడానికి లేదు రమణమ్మ గారూ. చీటీలు తీస్తే వచ్చిన ఇల్లది. నచ్చిన ఇళ్ళు ఉంచుకుని నచ్చనివి తీసేస్తే దాన్ని పరిశోధన అంటారా?"

"ఏమన్నా అననీండి. పొద్దున మీరు చేసిన పనికి ఆ ఇంట్లో ఇప్పటికీ పొయ్యి రాజలేదు."

"నేనేం చేశానండీ? కుప్ప ఎవరిదని అడిగాను. అడగడానికే కదా సర్కారు మనల్ని ఇక్కడికి పంపింది!"

"అడగండి. అందరి ముందరా అడగాల్నా? ఒకసారి చెప్పకపోతే ఊరుకోకుండా మళ్ళీ మళ్ళీ అడగాల్నా?"

"ఇప్పుడా గడి ఖాళీగా పంపితే పైవాళ్ళు నన్నడుగుతారు. భర్త ఉన్నాడా, పోయాడా? రెండే మాటలు. ఏదో ఒకటి రాయండి."

"ఆ రెండిట్లో ఏది రాసినా ఆమెకి అన్యాయమే సార్."

సముద్రం ఒడ్డున ఒక పాళెంలో, బడి అని పేరుపెట్టిన తాటాకుల పాక ముందు, పొద్దు వాలే వేళ జరిగిన పోట్లాట ఇది. సార్ అంటే శేషగిరి గారు, మా పరిశోధన ఆఫీసరు. గుంటూరు వైపు మనిషి, పెద్ద చదువులు చదివినవారు. రమణమ్మను నేను, చదివింది అయిదో తరగతి. "ఆమె" అంటే పొన్నమ్మ, ఆ పాళెంలో ఒక జాలరి ఇల్లాలు. ఆ పొద్దున దాకా ఊరి వలలో ఆమెకొక వంతు ఉండేది. మర్నాడు ఉంటుందో ఉండదో తెలియదు. ఆ వంతు పోతే ఆమె, ఆమె చిన్న కూతురు ఏం తింటారన్నది నా బాధ. గడి నిండుతుందా లేదా అన్నది ఆయన బాధ.

ఎందుకు రాస్తున్నానంటే

మా మనవరాలు మొన్న ఇట్లాంటి ఉద్యోగంలోనే చేరింది. "అవ్వా, నువ్వు చేసిన పనే నేనూ చేస్తున్నా" అని చేతిలో పలకంత యంత్రం చూపించింది. వేలితో తోస్తే ప్రశ్నలొస్తాయట. ఒకదానికి జవాబు నొక్కితే గానీ తర్వాతి ప్రశ్న కనబడదట. వినగానే నాకు ఒళ్ళు మండింది. మా శేషగిరి గారిని చిన్నగా మడిచి అందులో కూర్చోబెట్టినట్టున్నారు. అందుకని, దానికీ దాని తోటి పిల్లలకీ పనికొస్తుందని నాలుగు మాటలు రాస్తున్నాను. ఎప్పుడు చేరాను, ఎప్పుడు పర్మనెంటు చేశారు, ఎవరు నా ఫైలు తొక్కిపెట్టారు అన్నవి రాయను. వాటి వల్ల ఎవరికీ ఏమీ తెలియదు, కాగితం దండగ.

ఆ పనిలోకి నేనెట్లా వచ్చాను

యాభైల చివర, అరవైల మొదట్లో మాట. దేశం మనదైంది, జనం ఎట్లా బతుకుతున్నారో తెలుసుకుందామని సర్కారు డబ్బిచ్చి పరిశోధనలు చేయించేది. సముద్రం ఒడ్డు పల్లెలు కొన్ని, లోపల వరి పండే పల్లెలు కొన్ని. ఇల్లిల్లూ తిరిగి ఏం తింటారు, ఏం పని చేస్తారు, ఎవరి మాట ఎవరు వింటారు అని అడిగి రాయాలి. పంతుళ్ళలా చొక్కాలు తొడుక్కుని వచ్చినవాళ్ళకు మగవాళ్ళు జవాబు చెప్పారు. ఆడవాళ్ళు తలుపు చాటు నుంచి కదల్లేదు. అప్పుడు గానీ పైవాళ్ళకు గుర్తు రాలేదు, జనంలో సగం ఆడవాళ్ళేనని.

చదవడం రాయడం వచ్చిన ఆడమనిషి కావాలన్నారు. మా ఇందుకూరుపేట వైపు అట్లాంటివాళ్ళు లేకపోలేదు. ఊళ్ళు పట్టుకు తిరగడానికి మొగుడు ఒప్పుకున్నవాళ్ళు లేరు. మా ఆయన ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడంటే గొప్పతనం కాదు, ఆయన పనిచేసే రైసుమిల్లు అప్పటికి మూతపడి ఉంది.

చేరిన రోజే నాకర్థమైంది, ఈ పనిలో దుబారాకు అంతులేదని. ఒక అక్షరం తప్పు పడితే కాగితం పారేసేవారు. నేను అవన్నీ ఏరుకుని వెనకవైపు వాడేదాన్ని. పెన్సిలు పొట్టిదైతే వెదురు పుల్లకు గుచ్చి రాసేదాన్ని. నవ్వారు. నవ్వితే నాకేం? ఆ కాగితాలు కొన్నది, మేం ప్రశ్నలు అడుగుతున్న ఆ జనం సొమ్ముతోనే కదా. ఇప్పటికీ అదే అంటాను. ఇంటి గడప ముందు నిలబడ్డప్పుడు, నా చేతిలో ఉన్న కాగితం ఈమెదేనని గుర్తుంటే గొంతు లేవదు.

అడగడమంటే

లోపలి పల్లెలో ఒక రైతు ఇంట్లో కొత్త కోడలిని, పొద్దున ఏం తిన్నావమ్మా అని అడిగాను. లోపలినుంచి అత్తగారు కేకేసింది: "అన్నం, పప్పు, గడ్డపెరుగు అని రాసుకో!" ఆ పిల్ల నా మొహం చూసి రోలు తుడుచుకుంటూ ఉండిపోయింది. నేను కాగితం మడిచి, దాహమేస్తుంది బావి చూపించమన్నాను. బావి దగ్గర చెప్పింది: "నీళ్ళన్నం అక్కా. గంజి ఎక్కువ, మెతుకులు తక్కువ. రాయొద్దు, ఆమె చదివించుకుంటది." అత్తగారు చెప్పింది రాస్తే అబద్ధం. పిల్ల చెప్పింది పేరు పెట్టి రాస్తే ఆ పిల్లకి ఆ నీళ్ళన్నమూ ఉండదు. ఏది ఎక్కడ అడగాలి, ఎవరు వింటుండగా అడగాలి అన్నది ప్రశ్న కంటే పెద్దది. ఇది ఏ శిక్షణలోనూ నాకు చెప్పలేదు.

ఇంకోసారి పైనుంచి ఒక పెద్దామె జీపులో వచ్చింది, మేం సరిగ్గా పనిచేస్తున్నామో లేదో చూడటానికి. ఇసకలో జీపు దిగబడితే పాళెం మగవాళ్ళంతా పని మానుకుని తోశారు. ఆమె చేపలు కోసుకుంటున్న ఒక ఆడమనిషి ముందు నిలబడి, తీరిక వేళల్లో నువ్వేం చేస్తావని అడగమంది. నేను అడిగాను. "తీరికంటే ఏందక్కా? ఏ సంతలో దొరుకుతుండాది?" అంది ఆ మనిషి, కత్తిపీట మీంచి తల ఎత్తకుండానే. పెద్దామెకు ఆ యాస అందలేదు, ఏమందని నన్నడిగింది. ఏమీ చేయదట అన్నాను. అట్లాగే రాసుకుంది.

పాళెంలో పంపకం

ఇక పొన్నమ్మ సంగతి.

మైపాడుకు కొంత దూరంలో ఒడ్డునే ఉండే ఆ పాళెంలో ఊరందరికీ కలిపి ఒక అలివి వల ఉండేది. పడవలో తీసుకుపోయి సముద్రంలో వంపుగా వేసి, రెండు కొసల తాళ్ళు పట్టుకుని మగవాళ్ళంతా ఒడ్డు మీది నుంచి లాగే పెద్ద వల అది. ఆడవాళ్ళు తాడు పట్టరు. గంపలతో నిలబడి ఉంటారు, చేప వచ్చాక మోసుకుపోయి అమ్ముతారు.

వల ఒడ్డెక్కాక పెద్దకాపు గోవిందు, అంటే ఆ పాళేనికి పెద్ద, చేపల్ని ఇసక మీద కుప్పలు పోసేవాడు. వలకొక కుప్ప, అమ్మవారికొక కుప్ప, తాడు పట్టిన ఒక్కొక్కరికి పేరు పిలిచి ఒక్కొక్క కుప్ప. అన్నీ అయ్యాక చివర్న ఒక కుప్ప పోసేవాడు. దానికి ఎవరి పేరూ పిలవడు. చేతులు దులుపుకుని పడవల వైపు తిరిగేవాడు. అందరూ తిరిగేవాళ్ళు. అప్పుడు పొన్నమ్మ వచ్చి ఆ కుప్ప గంపకెత్తుకుని పోయేది.

పొన్నమ్మ పెనిమిటి కోటయ్య తెప్ప మీద వేటకు పోయి గాలివానలో తిరిగి రాలేదు. శవం దొరకలేదు. దొరకని మనిషిని పోయాడని ఆ పాళెంలో ఎవరూ నోటితో అనరు. అంటే చేయాల్సినవన్నీ చేయాలి. గాజులు తీయాలి, బొట్టు తీయాలి, వంతు తీయాలి. అననంత కాలం మనిషి సముద్రం మీద ఉన్నట్టే. సముద్రం మీద ఉన్నవాడికి వంతు ఉంటుంది. అంతే లెక్క. కోటయ్య వస్తాడని ఎవరూ అనుకోవడం లేదు. ఆ ఇంట్లో పొయ్యి ఆరకూడదని మాత్రం అందరూ అనుకున్నారు.

చేపలు ఎండబెట్టే చోట కూర్చుని ఆడవాళ్ళు నాకిది చెప్పారు. నేను శేషగిరి గారికి చెప్పాను, ఒడ్డున అడగవద్దని కూడా చెప్పాను. ఆయన కళ్ళు మెరిశాయి. ఎంత గొప్ప ఏర్పాటండీ, సర్కారు చేయలేని పని వీళ్ళు నోరు మూసుకుని చేస్తున్నారు అన్నారు. ఆ మాట నిజంగా మనసులోంచే అన్నారు. కానీ వెంటనే ఇంకో మాట అన్నారు: "అక్కడా ఇక్కడా విన్నది రాయడానికి లేదు. ఇది పెద్దకాపు నోటితో వినాలి."

మా పనిలో అదొక పట్టుదల. ఆడవాళ్ళు పదిమంది చెప్పినా అది వినికిడి. పెద్దమనిషి ఒక్కడు చెబితే అది సాక్ష్యం. ఆ పెద్దమనిషి చెప్పకుండా ఉండటమే అసలు సంగతి అయితే ఏం చేయాలో ఎవరూ ఆలోచించలేదు.

అడిగిన పొద్దున

పోట్లాట జరిగిన రోజే, పొద్దున పంపకం అవుతుంటే శేషగిరి గారు కుప్పల మధ్యకు వచ్చి నిలబడ్డారు. గోవిందు చివరి కుప్ప పోసి చేతులు దులుపుకుంటున్నాడు.

"గోవిందూ, ఈ చివరి కుప్ప ఎవరిది?"

"అదా సార్... అదట్నే పెడతాం."

"అట్లాగే అంటే? ఎవరి కోసం?"

"సముద్రానికి సార్."

"సముద్రానిదైతే ఆవిడెందుకు తీసుకుపోతుంది?"

గోవిందు వంగి వల కొస సర్దడం మొదలుపెట్టాడు. నేను వెనక నుంచి "సార్, సార్" అంటున్నాను. ఆయన చెయ్యెత్తి నన్ను ఆగమన్నారు. శిక్షణలో నేర్పింది అదే, జవాబు వచ్చేదాకా ఓపిగ్గా అడగాలని. "చెప్పు గోవిందూ, భయం లేదు. ఎవరిది?"

తాడు చుట్టుకుంటున్న శీనయ్యకు విసుగు పుట్టింది. ఇంటినిండా పిల్లలున్నవాడు, ఆ చివరి కుప్ప మీద చాలాకాలంగా కన్నున్నవాడు. "చెప్పరాదా మావా, పోయినోడి వంతని! సార్ అంతగా అడుగుతుంటే దాపరికం ఏంది?"

ఆ మాటతో ఒడ్డంతా ఆగిపోయింది. ఎవరో ఒక ముసలామె "ఓరి నీ నోట్లో మన్ను పడ" అంది. పొన్నమ్మ అప్పటికే గంప నేల మీద పెట్టి ఉంది. దాన్ని తీసి చంకన పెట్టుకుని, కుప్ప వైపు చూడకుండా ఇంటికి పోయింది. ఆ చేపలు ఎవరూ ముట్టలేదు. ఎండెక్కేదాకా కాకులు తిన్నాయి. అంత చేప మట్టిపాలైంది.

శేషగిరి గారు మాత్రం తన పుస్తకంలో రాసుకున్నారు, పెద్దకాపు సమక్షంలో నిర్ధారణ అయిందని.

పోట్లాటలో మిగిలిన సగం

అందుకే ఆ సాయంత్రం నేను ఆయన మీదికి పోయాను. మొదట రాసింది సగమే. మిగతా సగం కూడా రాయాలి, లేకపోతే ఆయనకు అన్యాయం.

"రమణమ్మ గారూ, మీరు ఇవాళ్టి సంగతే చూస్తున్నారు. రేపు ఇక్కడ జాలర్ల సొసైటీ పెడతారు, వలలకు నైలాను దారం ఇస్తారు. మగదిక్కు లేని ఇళ్ళకు ముందు ఇవ్వండని నేను రాస్తాను. ఆమె వితంతువని కాగితం మీద లేకపోతే ఏ లెక్కన ఇప్పించమంటారు?"

"ఆ దారం ఎప్పుడొస్తుందో దేవుడికి తెలియాల సార్. వంతు రేపు పొద్దున్నే పోతుండాది."

"ఊళ్ళో వాళ్ళ దయ మీద ఎన్నాళ్ళు? హక్కుగా రావాలి కదా."

"దయ అని ఎవరన్నారు సార్? వాళ్ళు దాన్ని వంతు అంటుండారు. పేరు పెట్టి దాన్ని దయగా మార్చింది మనం."

ఆయన చేతిలోని కాగితాలు దొంతి సర్దారు. తర్వాత అన్నారు: "కంటితో చూసింది రాయాలి, చూడనిది రాయకూడదు. అంతకు మించి నాకేం తెలియదు."

"అయితే రేపు ఒడ్డుకు రాకండి సార్. మీరు లేకపోతే వాళ్ళు ఏదో ఒకటి సర్దుకుంటారు."

"రాకుండా ఎట్లా కుదురుతుంది?" అని లోపలికి వెళ్ళిపోయారు.

ఆయన చెడ్డవారు కాదు. చెడ్డవారైతే నాకు ఇన్నేళ్ళు ఈ కోపం ఉండేది కాదు. తాను అడిగేది వాళ్ళ మేలుకేనని గట్టిగా నమ్మే మనిషితోనే ఈ పనిలో వేగలేము. ఆ నైలాను దారం సంగతి కూడా చెబుతాను. చాలాకాలానికి వచ్చింది, పడవలున్నవాళ్ళకు.

పొన్నమ్మ

దీపాలు పెట్టే వేళకు కాస్త అన్నం గిన్నెలో పెట్టుకుని పొన్నమ్మ గుడిసెకు పోయాను. కూతురు ఒళ్ళో పడుకుని ఉంది. ఆమె నుదుట బొట్టు అట్లాగే ఉంది.

"ఏందక్కా, గడి నింపుకోను వచ్చినావా?"

"లేదు. పిల్లకి అన్నం తెచ్చినా."

"పిల్లకి పెట్టు. నాకొద్దు." పిల్లను లేపి కూర్చోబెట్టింది. "మీరడిగేదాకా మా ఆయన సముద్రం మీదనే ఉండాడు. పొద్దున ఒడ్డుకి దించేసినారు."

"ఆ శీనయ్య నోటిదూల..."

"శీనయ్యనేం అంటావులే. వాడింట్లో పిల్లకాయలు శానామంది. నోరు వాడిది, మాట మీది."

నేను రేపు గోవిందుతో మాట్లాడతానన్నాను. ఆమె అడ్డంగా తలూపింది. "ఎవురితోనూ మాట్లాడబాక. మాట్లాడింది చాలు. సరే, ఆ గడిలో మీ సార్ ఏం రాస్తాడంట?"

"పోయినాడని."

"పోయినాడని నేనంటినా?"

"లేదు."

"మా ఆయన్ని కన్నతల్లి అనిందా?"

"లేదు."

"మరి మీ సార్ యాడ చూసినాడు?"

పిల్ల తినడం అయ్యేదాకా కూర్చున్నాను. ఖాళీ గిన్నె తెచ్చుకున్నాను.

పుస్తకం

మా పరిశోధన తర్వాత పుస్తకంగా వచ్చింది. మంచి కాగితం, గట్టి అట్ట, అంతా ఇంగ్లీషు. బీరువాల్లో పెట్టడానికి తగినన్ని వేశారు. ఆ పాళేనికి ఒక్కటి కూడా పోలేదు. పోయినా చదివేవాళ్ళు లేరు, కానీ పంపాలా వద్దా? ఎవరి బతుకు అచ్చువేశామో వాళ్ళకు చూపించక్కర్లేదా? నేనొకటి అడిగి తెచ్చుకుని అట్ట వేసి ఉంచాను. మొన్న మనవరాలు చదువుతూ ఒక వాక్యం దగ్గర ఆగి, "అవ్వా, ఈ పల్లెలో ఆడవాళ్ళు కూడా వల తాడు లాగుతారని రాశారు, భలే ఉందే!" అంది.

భలే ఉండటం సంగతి తర్వాత. అచ్చులో ఉన్న ప్రతి వాక్యం వెనకా ఒక పొద్దున ఉంటుంది. మీరు వెళ్ళకముందు అక్కడ ఏముందో, మీరు వెళ్ళడం వల్ల ఏమైందో విడదీసి రాయడం చేతకాకపోతే ఈ పని చేయకండి. ఇంకేదన్నా ఉద్యోగం చూసుకోండి. ఆ వాక్యం ఎట్లా పుట్టిందో చెబుతాను.

మర్నాడు

శేషగిరి గారు ఒడ్డుకు వచ్చారు. కుప్పల దగ్గరకు కాదు, కాస్త దూరంగా నిలబడ్డారు. నేను ఆయన పక్కనే ఉన్నాను. వల వేసి పడవ తిరిగి వచ్చింది. మగవాళ్ళు రెండు వరసలుగా తాళ్ళు అందుకున్నారు.

పొన్నమ్మ వచ్చింది. గంపను ఒక పడవ నీడన పెట్టి, చీర ఎగ్గట్టుకుని నేరుగా తాడు దగ్గరకు పోయి శీనయ్య వెనక నిలబడింది. అది కోటయ్య నిలబడే చోటట. తాడు పట్టుకుంది.

"ఏందిమే ఇది?" అన్నాడు శీనయ్య వెనక్కి తిరిగి. "ఆడకూతురు తాడు పడతదా యాడన్నా?"

"పట్టగూడదని యాడన్నా రాసుంటే చూపియ్. నీకాడ లేకపోతే ఆ సార్ని అడుగు, ఆయన కాడ కాగితాలు శానా ఉండాయి."

ఎవరో నవ్వారు. గోవిందు నవ్వలేదు. సముద్రం వైపు చూసి, "లాగండ్రా, వల నిలబడి పోతుండాది" అన్నాడు.

లాగారు. ఆమె కూడా లాగింది. రెండుసార్లు మోకాళ్ళ మీద పడింది, లేచింది. వల ఒడ్డెక్కింది. చేప మామూలుగానే పడింది. గోవిందు కుప్పలు పోశాడు. వలకు, అమ్మవారికి, తర్వాత వరసగా పేర్లు. శీనయ్య పేరు పిలిచాడు. శీనయ్య తన కుప్ప తీసుకున్నాడు. తర్వాత "పొన్నమ్మా" అని పిలిచాడు. ఆ ఒడ్డున పంపకంలో ఆడపేరు పిలవడం నేను వినడం అదే మొదలు. అక్కడితో కుప్పలు అయిపోయాయి. గోవిందు చేతులు దులుపుకున్నాడు, ఈసారి పడవల వైపు తిరగలేదు.

శేషగిరి గారు నిలబడ్డచోటే పుస్తకంలో రాస్తున్నారు. తొంగి చూశాను, ఆడవాళ్ళు కూడా తాడు లాగుతారని.

"నిన్నటిదాకా లాగలేదు సార్" అన్నాను.

"ఇవాళ చూశాను కదండీ" అన్నారు.

అప్పుడు నేను పొన్నమ్మ ఇంటి కాగితం తీసి ఆయన చేతికిచ్చాను. ఆ గడి తప్ప అన్నీ నిండి ఉన్నాయి. ఆయన పెన్ను మూత తీశారు.

"కోటయ్య పోవడం మీరు చూశారా సార్?" అని అడిగాను.

ఆయన నా వైపు చూశారు. గడి వైపు చూశారు. పెన్ను మూత పెట్టి, కాగితం మిగతా వాటి అడుగున పెట్టేశారు.

పొన్నమ్మ చేపలు గంపకెత్తుకుంది. అరచేతులు తోలు లేచి ఎర్రగా ఉన్నాయి. నుదుట బొట్టు చెమటకు కాస్త జారింది. దాన్ని మోచేత్తో సరిచేసుకుని, గంప నెత్తిన పెట్టుకుని, మైపాడు దోవ పట్టింది.